గోప్యము వేరు, అసత్యము వేరు: బరువు తగ్గుటకై శస్త్రచికిత్స చేయించుకొన్న సాధకుని వాగ్ధర్మము

బరువు తగ్గుటకై ఉదరమునకు శస్త్రచికిత్స చేయించుకొన్నవారు ఆ సంగతిని నలుగురికి చెప్పవలెనా, వలదా? పైకి ఇది కేవలము లౌకికమైన ప్రశ్నగా తోచును. కాని సత్యమును వ్రతముగా స్వీకరించినవారికి ఇది నిజమైన ధర్మసందేహమే. సత్సంగమునకు నిత్యము వచ్చువారిలో ఒకరు కొలది నెలలలోనే సగము మనిషి అయినచో, "ఎట్లు తగ్గినారండీ?" అను ప్రశ్న తప్పదు. చెప్పినచో "నోరు కట్టుకొనలేక కడుపు కోయించుకొన్నాడు" అను మాట వెనుకనుండి వినవచ్చును. చెప్పకున్నచో "నేను సత్యమును దాచుచున్నానా?" అను శంక లోపలనుండి పీడించును.

ఈ విషయమున నా అభిప్రాయమును ముందే చెప్పెదను. చెప్పకుండుట దోషము కాదు. ఎదుటివారు మోసపోవునట్లు చెప్పుట దోషము. కొందరికి మాత్రము చెప్పియే తీరవలెను. ఈ మూడింటిని విడివిడిగా చూడనిచో, ఒకరు అనవసరమైన అపరాధభావముతో కుములుదురు. మరియొకరు గోప్యమను పేరుతో అసత్యమును పోషింతురు.

మొదట ఆ లజ్జకు మూలమేమో విచారింతము. ఈ చికిత్సను దాచవలెనని తోచుటకు ప్రధానకారణము, స్థౌల్యము ఇంద్రియనిగ్రహలోపమునకు గుర్తు అను లోకభావన. మన శాస్త్రము ఇంత సులభముగా తీర్పు చెప్పలేదు. చరకసంహిత సూత్రస్థానమునందలి 21వ అధ్యాయము అతిస్థూలుని గురించి వివరించుచు, అతిభోజనము, వ్యాయామలోపము, పగటినిద్ర మొదలైన కారణములతోపాటు బీజస్వభావమును కూడ కారణముగా లెక్కించినది. అనగా తల్లిదండ్రులనుండి సంక్రమించిన ప్రకృతి అని అర్థము. అతిస్థూలునకు ఆకలిదప్పులు మితిమీరి కలుగుటను ఆ వ్యాధియొక్క దోషములలోనే చేర్చినది. స్థౌల్యకార్శ్యములలో కార్శ్యమే మేలని, స్థూలునకు చికిత్స కష్టతరమని కూడ చరకుడు అంగీకరించినాడు. ఆకలియే వ్యాధిలో భాగమైనప్పుడు, ఆకలిని జయించలేదని రోగిని నిందించుట ఏ న్యాయము?

ఆధునిక వైద్యము ఇదే విషయమును మరియొక భాషలో చెప్పుచున్నది. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ అను చికిత్సలో జఠరమునందు సుమారు 75 నుండి 80 శాతము భాగమును తొలగింతురు. ఆకలిని ప్రేరేపించు గ్రెలిన్ అను హార్మోను ముఖ్యముగా ఉత్పత్తియగునది ఆ తొలగింపబడు భాగమునందే. గ్యాస్ట్రిక్ బైపాస్ లో జఠరము పైభాగమున చిన్న సంచిని ఏర్పరచి, దానిని నేరుగా చిన్నప్రేగునకు కలుపుదురు. ఆసియా వాసులలో బి.ఎం.ఐ. 27.5 లేక అంతకు మించినవారికి ఈ చికిత్సను సూచింపవచ్చునని 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్యసంఘములు మార్గదర్శకములను వెలువరించినవి. ఇది అలంకారము కొరకు చేయునది కాదు; మధుమేహము, రక్తపోటు, నిద్రలో శ్వాస ఆగుట మొదలైన ఉపద్రవములను దృష్టియందుంచుకొని చేయు చికిత్స. సుశ్రుతుడు పుట్టిన దేశమున శస్త్రమును ఆశ్రయించుట సిగ్గుపడవలసిన పని కాదు. చికిత్స తరువాతనైనను మితాహారము, నడక, జీవితాంతము విటమినులు, క్రమము తప్పని పరీక్షలు ఉండనే ఉండును. కావున "సులభమార్గము" అనువారికి ఆ మార్గము తెలియదనియే చెప్పవలెను.

ఇక పూర్వపక్షము: "సత్యవ్రతునకు దాచుటయే తగదు కదా! తైత్తిరీయోపనిషత్తులో విద్య ముగించి వెళ్లు శిష్యునకు ఆచార్యుడు మొట్టమొదట బోధించినది సత్యమునే కదా!" అని.

నిజమే. కాని అడిగినవారికెల్ల అన్నియు చెప్పుటయే సత్యమని ఏ శాస్త్రమును చెప్పలేదు. మహాభారతము కర్ణపర్వమున శ్రీకృష్ణుడు అర్జునునకు కౌశికుని కథ చెప్పును. ఎల్లప్పుడు సత్యమే పలుకుదునని వ్రతము పట్టిన ఆ బ్రాహ్మణుడు, ప్రాణభయముతో అడవిలో దాగినవారి జాడను దొంగలు అడుగగా ఉన్నదున్నట్లు చెప్పినాడు. దొంగలు వారిని వధించిరి. కౌశికునకు నరకము ప్రాప్తించినది. మాట యథార్థమే, కాని ఆ మాట ఎవరి చేతిలో ఏ పని చేయునో ఆతడు విచారింపలేదు. భగవద్గీత 17వ అధ్యాయమున వాఙ్మయతపస్సును నిర్వచించుచు భగవానుడు సత్యమును ఒంటరిగా నిలుపలేదు. ఉద్వేగము కలిగింపనిదై, ప్రియమై, హితమై ఉండవలెనని చేర్చినాడు. 10వ అధ్యాయమున గుహ్యములలో మౌనము తన విభూతియే అని కూడ చెప్పినాడు.

మన నీతిశాస్త్రము ఇంకను స్పష్టముగా తొమ్మిది విషయములను గోప్యములుగా పేర్కొన్నది. ఆయువు, విత్తము, గృహచ్ఛిద్రము, మంత్రము మొదలైనవానితోపాటు ఔషధమును కూడ ఆ పట్టికలో చేర్చినది. మన పెద్దలు తీసుకొను మందును బయట చెప్పకుండుట ఈ సంస్కారమువలననే. చరకసంహిత విమానస్థానమున, విద్యార్థికి చేయు ఉపదేశములో, రోగి ఇంటి సంగతులను బయట వెల్లడింపరాదని వైద్యునకు నియమము విధింపబడినది. వైద్యుడే దాచవలసిన దానిని రోగి సంత బజారులో చెప్పవలెనను నిర్బంధము ఎక్కడిది? 2011లో నితిన్ గడ్కరీ, 2014లో అరుణ్ జైట్లీ ఇటువంటి చికిత్స చేయించుకొన్న సంగతి లోకవిదితమైనది. వారు ప్రజాజీవనములో ఉన్నవారు. వారి దృష్టాంతము గృహస్థులందరికి విధి కాదు.

కావున మౌనము ధర్మ్యమే. అయితే ఇచ్చటనే జాగ్రత్త వహింపవలెను. మౌనము పలుచని గోడ. దానికి ఆవలనే అర్ధసత్యము పొంచియుండును.

ద్రోణపర్వమున ధర్మరాజు పలికిన మాటను తలచుకొనుడు. అశ్వత్థామ అను ఏనుగు చచ్చినమాట నిజమే. కాని "ఏనుగు" అను పదమును వినబడీ వినబడనట్లు పలికినాడు. అంతవరకు భూమికి నాలుగు అంగుళముల ఎత్తున నడచిన ఆయన రథము ఆ క్షణమున నేలను తాకినది. స్వర్గారోహణ సమయమున నరకదర్శనము తప్పకపోవుటకు కూడ ఆ మాటయే కారణమని ఇంద్రుడు చెప్పును. మాటలో అక్షరదోషము లేదు. దోషమంతయు విన్నవాని మనస్సులో ఏ భావము కలుగవలెనని పలికినాడో దానియందున్నది. యోగసూత్రములకు వ్యాసభాష్యము చెప్పినదియు ఇదే. మన మనస్సులోనిది ఎదుటివారికి చేర్చుటకే వాక్కు ఏర్పడినది. అది వంచించునది కారాదు, భ్రాంతి కలిగించునది కారాదు, భూతములకు హాని చేయునది అసలే కారాదు.

ఇప్పుడు మన సత్సంగమునకు వత్తము. చికిత్స చేయించుకొన్నవారు "ఏకాదశి ఉపవాసములు, ప్రాణాయామము, అంతా గురుకృప" అని సమాధానమిచ్చిరనుకొందము. ఉపవాసము చేసినమాట నిజము కావచ్చును. ప్రాణాయామము నిజమే. గురుకృపను కాదనువారెవరు? అయినను ఇది కుంజరవాక్యమే. ఆ మాట విన్నవారిలో ఒక మధుమేహరోగి ఉండవచ్చును. ఇన్సులిన్ తీసుకొనుచు, లేదా చక్కెరను తగ్గించు మాత్రలు మింగుచు, వైద్యుని అడుగక వరుసగా ఉపవాసములకు పూనుకొన్నచో, రక్తములోని చక్కెర ప్రమాదకరముగా పడిపోయి స్పృహ తప్పవచ్చును. శరీరమునకు ఆ హాని కలుగకపోయినను మనస్సునకు మరియొక హాని కలుగును. ఆరు నెలలు ఉపవాసములుండి రెండు కిలోలైనను తగ్గని ఆ భక్తురాలు ఏమనుకొనును? "ఆమెకు ఫలించినది, నాకు ఫలించలేదు. లోపము నా భక్తిలోనే ఉన్నది" అని కదా! ఒకరు తమ గౌరవమును నిలుపుకొనుటకు పలికిన మాట మరియొకరి శ్రద్ధను దెబ్బతీసినచో, ఆ పాపము చిన్నది కాదు. భగవంతుని పేరును మన సంకోచమునకు తెరగా వాడుకొనుట అన్నింటికంటె బాధాకరము.

మరి ఏమి చెప్పవలెను? "వైద్యుల పర్యవేక్షణలో చికిత్స జరిగినది, వివరములు మా ఇంటివరకే ఉంచుకొన్నాము" అన్నచో చాలును. ఇందులో అసత్యము లేదు, వంచన లేదు, చెప్పరాని రహస్యము బయటపడలేదు. వినినవారు ఉపవాసమువలననే తగ్గినారను భ్రాంతిలో పడరు. ఇంకను గుచ్చి గుచ్చి అడిగినచో చిరునవ్వుతో మాట మార్చవచ్చును. అడిగినవారికి జవాబు పొందు హక్కు ఉన్నదను నియమమేదియు లేదు.

అయితే కొందరి విషయమున మౌనము కూడ అధర్మమే అగును.

మొదటివారు వైద్యులు. జ్వరమునకు చూపించుకొన్నను, పంటి నొప్పికి వెళ్లినను ఈ సంగతి చెప్పవలెను. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు బైపాస్ జరిగినవారికి జఠరసంధివద్ద పుండు కలిగించు ప్రమాదమున్నది. బి12, ఇనుము, కాల్షియము లోపములు సంవత్సరముల తరువాత కూడ తలయెత్తవచ్చును. చికిత్స సంగతి తెలియని వైద్యుడు నీరసమునకు కారణమును ఎక్కడెక్కడనో వెదకును.

రెండవవారు జీవితభాగస్వామి, వివాహము నిశ్చయము కావలసియున్నచో కాబోవు భాగస్వామి. శస్త్రచికిత్స తరువాత కనీసము 12 నుండి 18 నెలలవరకు గర్భధారణను వాయిదా వేయవలెనని వైద్యులు సూచింతురు. ఇది సహధర్మచారులిద్దరికిని సంబంధించిన విషయము. వేయి అబద్ధములాడియైనను ఒక పెండ్లి చేయవలెనను సామెతను ఇచ్చట శరణు జొచ్చుట తగదు. ఊరంతటికి చెప్పనక్కరలేదు, పాణిగ్రహణము చేయువారికి చెప్పవలెను.

మూడవవారు మనకు వండి పెట్టు ఇల్లాలో, అమ్మయో, కోడలో. ఎంత తినగలమో, ఏది సరిపడదో వారికి తెలియనిచో వారి ప్రేమయే మనకు అపాయమగును. బైపాస్ జరిగినవారిలో కొందరికి చక్రపొంగలి, పాయసము వంటి తీపి పదార్థములు తినినవెంటనే గుండెదడ, చెమటలు, కళ్లు తిరుగుట కలుగవచ్చును.

నాలుగవవారు వ్రతనియమములను విధించు గురువు. జఠరము చిన్నదైనవారు ఒక్కసారిగా నీరు త్రాగలేరు. దినమంతయు గుటక గుటకగా త్రాగవలసినదే. వారికి నిర్జలోపవాసము తపస్సు కాదు, దేహపీడనము. శాస్త్రవిహితము కాని ఘోరతపస్సుతో శరీరమును కృశింపజేయువారు అంతర్యామినే పీడించుచున్నారని గీత హెచ్చరించినది. సంగతి తెలిసిన గురువు ఉపవాసమునకు బదులు జపమునో పారాయణమునో విధించును. తెలియని గురువునకు ఆ అవకాశమే ఉండదు.

ఐదవవారిని గూర్చి బలవంతము చేయజాలను. కాని హృదయమును అడిగి చూచుకొనుడని విన్నవింతును. తానును ఇదే వ్యాధితో నలుగుచు, ఇదే చికిత్సకు భయపడుచు, "మీకేమైనను తెలియునా?" అని ఏకాంతమున కన్నీటితో అడుగువారు ఉందురు. కుతూహలముతో అడుగువారికిని, ఆర్తితో అడుగువారికిని భేదమున్నది. మొదటివారి యెడ మౌనము వివేకము. రెండవవారి యెడ ఒక్క నిజమైన మాట, "నేనును ఆ దారిలో నడిచినాను, ఈ కష్టములున్నవి, ఈ లాభములున్నవి" అనుట, అన్నదానముతో సమానమైన దానము.

చివరగా అడుగువారి ధర్మమును గూర్చి. ఈ ప్రశ్న ఇంత కఠినమగుటకు సగము కారణము మనమే. మన పలుకరింపులే "లావైనారే", "చిక్కిపోయినారే" అని మొదలగును. విందులో "మా వంట నచ్చలేదా?" అని కొసరి కొసరి వడ్డింతుము. అతిథి విస్తరిలోని మెతుకులను లెక్కించుట ఆతిథ్యము కాదు. ఒకరు తినగలిగినంత తిని చేయి కడుగుకొన్నచో "తృప్తిగా తిన్నారా?" అని మాత్రమే అడుగుదము. ప్రసాదము కణికయైనను ప్రసాదమే. ఎవరైనను మనలను నమ్మి ఈ సంగతి చెప్పినచో, అది మన చెంత ఉంచబడిన నిక్షేపము. దానిని మరియొకరి చెవిన వేయుట పైశున్యమను వాగ్దోషము. దైవీసంపదలను పేర్కొన్నచోట భగవానుడు అపైశునమును ప్రత్యేకముగా చెప్పినాడు.

చికిత్స చేయించుకొన్నవారు తమ మౌనమును అప్పుడప్పుడు పరీక్షించుకొందురుగాక. ఆ మౌనము మనస్సునకు శాంతినిచ్చుచున్నచో నిలుపుకొనవచ్చును. దానిని కాపాడుటకు దినమునకొక కొత్త అబద్ధము కల్పింపవలసి వచ్చుచున్నచో, అది మౌనము కాదు, అప్పు. అటువంటప్పుడు విశ్వాసపాత్రులైన ఒక్కరికి చెప్పి ఆ భారమును దింపుకొనుట మేలు. శరీరము క్షేత్రమే, దానిని బాగుచేసికొనుట క్షేత్రజ్ఞునకు అపరాధము కాదు. అయితే శరీరభారము తగ్గి వాక్కునకు భారము పెరిగినచో సాధకునకు ఏమి లాభము?

స్వస్తి.