నుదుటి రాత రాసిందెవరు?

2023 జనవరి 19న సికింద్రాబాద్ రాంగోపాల్‌పేట్ ప్రాంతంలోని నల్లగుట్టలో ఓ వాణిజ్య భవనం తగలబడింది. గుజరాత్ నుంచి పొట్టకూటికి వచ్చిన ముగ్గురు కార్మికులు లోపలే చిక్కుకుపోయారు. రెండు నెలలు తిరక్కుండానే, మార్చి 16న, సికింద్రాబాద్‌లోనే స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో పొగకు ఊపిరాడక ఆరుగురు చనిపోయారు. అందరూ వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం వైపు నుంచి కొలువులకొచ్చిన పడుచు పిల్లలే.

ఇలాంటివి విన్నప్పుడు మన ఊళ్లల్లో ఓ మాట పుడుతుంది: "వాళ్ల నుదుట అట్లా రాసి ఉంది, ఎవరేం చేస్తారు?" రైతు పురుగుమందు తాగితే "మితిమీరి అప్పులు చేశాడు" అంటారు. కూలికి పూట గడవకపోతే "ఒళ్లు వంచడు" అంటారు. ఈ మాటలు ఆసామి ఒక్కడే అనడు. సాటి కూలీ కూడా అంటాడు. ఎందుకని?

అమెరికాలో మెల్విన్ లెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, తన సహచరి సిమన్స్‌తో కలిసి 1966లో ఒక ప్రయోగాన్ని ప్రకటించాడు. పాఠం తప్పినప్పుడల్లా ఓ యువతికి కరెంటు షాకు కొడుతున్నట్టు విద్యార్థినులకు చూపించారు. అది నటనే, చూసేవాళ్లకు తెలియదు. షాకులు ఆపించి ఆమెకు డబ్బు ఇప్పించే వీలు కల్పిస్తే దాదాపు అందరూ సరేనన్నారు. ఆమె బాధ ఇంకా సాగుతుందని, తాము చేయగలిగిందేమీ లేదని అనుకున్నవాళ్లు మాత్రం ఆమెనే తక్కువ చేసి మాట్లాడారు. లోకం న్యాయంగా నడుస్తోందన్న నమ్మకాన్ని కాపాడుకోవడానికి దెబ్బ తిన్న మనిషి మీదే తప్పు మోపారన్నమాట.

తర్వాతి పరిశోధకులు ఈ నమ్మకాన్ని రెండుగా విడదీశారు. "నాకు న్యాయం జరుగుతుంది" అనే నమ్మకం మనిషిని నిలబెడుతుంది. సాయంత్రానికి కూలి చేతికొస్తుందన్న ఆశ లేకుంటే నాటు వేయడానికి ఎవరు మడిలో దిగుతారు? ఆ ఆశను మనం వెక్కిరించకూడదు. "ఎవరికి తగింది వాళ్లకు దక్కుతోంది" అనేది రెండోది. పేదల పట్ల గుండెను బండ చేసేది ఇదే. యజమానికి కావలసిందీ ఇదే. అంతా తలరాతే అయితే మెట్లదారి ఖాళీగా ఉందా, నిప్పు ఆర్పే ఏర్పాటు ఉందా, తనిఖీ చేసిందెవరు అని అడిగేవాడే ఉండడు గదా!

వెట్టిని కూడా ఒకనాడు పూర్వజన్మ ఫలమన్నారు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక ఊళ్లకు ఊళ్లు వెట్టి చేయమని తిరగబడ్డాయి. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. రాత మారింది. మార్చింది బ్రహ్మ కాదు, జనం.

సాయం చేసే చేయి ఉన్నప్పుడు నిందించే నోరు తగ్గుతుందని ఆ ప్రయోగమే చెబుతోంది. మనకు ఆ చేయి సంఘం. పట్నం పోయిన మన పిల్లవాడికి రేపు ఏదన్నా అయితే "కర్మ" అని కూర్చోకండి. పని ఇచ్చిందెవరు, బయటపడే దారి ఉందా, నష్టపరిహారం ఎంత అని పదిమందిగా పోయి అడగండి.