తలుపు తెరిచే ఉండాలి
భీవండి సాంచాల మీద బతికే తెలుగువాళ్ల ప్రణాళిక

మేము కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ వైపు నుంచి బతుకుదెరువుకు మహారాష్ట్రలోని భీవండి వచ్చినవాళ్లం. పద్మానగర్‌లో మా ఇళ్లున్నాయి. తాతలు పట్టిన సాంచాల (మరమగ్గాల) పనే మాకూ కూడు పెడుతోంది. ఈ ఊళ్లో కార్ఖానాలు, గోదాములు కాలినప్పుడల్లా మా గుండెలూ కాలుతున్నాయి. అందుకే ఈ కట్టుబాటు చేసుకుంటున్నాం.

అడవికి ఎండుగడ్డి ఎలాగో, సాంచాల నుంచి లేచే నూలు ధూళి కార్ఖానాకు అలాగ. దూలాల మీద, మోటార్ల మీద, కరెంటు తీగల మీద పేరుకుంటుంది. దానికి ఒక్క రవ్వ చాలు. 2023 ఆగస్టు 8న హవాయి దీవుల్లోని లహైనా పట్టణం కార్చిచ్చుకు బూడిదైంది. అక్కడా ఎండుగడ్డే, తెగిన కరెంటు తీగే. వందమందికి పైగా పోయారు. దారి మూసుకుపోయి కార్లలోనే చిక్కుకున్నవాళ్లూ ఉన్నారు.

రవ్వ మంట పెడుతుంది, మూసిన దారి ప్రాణం తీస్తుంది. 1911 మార్చి 25న న్యూయార్క్ ట్రయాంగిల్ బట్టల కార్ఖానా మంటల్లో 146 మంది, 2012 సెప్టెంబరు 11న కరాచీ బట్టల కార్ఖానా మంటల్లో 250 మందికి పైగా చనిపోయారు. రెండుచోట్లా తలుపులకు తాళాలున్నాయి. 2025 మే 18న ఒక్కరోజే రెండు ఘోరాలు విన్నాం. హైదరాబాద్ గుల్జార్‌హౌజ్‌లో మంటలు లేచి 17 మంది చనిపోయారు, ఇరుకు మెట్లదారి వాళ్లను బయటికి రానివ్వలేదు. షోలాపూర్ తువ్వాళ్ల కార్ఖానా మంటల్లో 8 మంది చనిపోయారు. యజమానీ, ఆయన ఇంటివాళ్లూ, పనివాళ్లూ కలిసే పోయారు.

కాబట్టి మా తీర్మానాలు ఇవి:

1. మనుషులు లోపలుండగా ఏ తలుపుకూ తాళం పడకూడదు. దొంగల భయముంటే కాపలా పెట్టాలి. తాళం వేసిన కార్ఖానాలో మేము సాంచా తిప్పం.

2. వారానికోసారి సాంచాలు ఆపి ధూళి దులపాలి, ఆ సమయానికి కూలి కట్టాలి. మాది మీటరు లెక్క కూలి. సాంచా ఆగితే మా పొయ్యి ఆగుతుంది. దులపకుండా ధూళి పేరుకుపోవడానికి అసలు కారణం ఈ మీటరు లెక్కే.

3. మహారాష్ట్ర అగ్ని నివారణ చట్టం, 2006 ప్రకారం మంటలార్పే ఏర్పాట్లు సరిగా ఉన్నాయని ఏటా జనవరిలో, జూలైలో యజమాని ధ్రువపత్రం ఇవ్వాలి. దాన్ని తెలుగు, మరాఠీ, హిందీ, ఉర్దూల్లో గోడకు అంటించాలి.

4. పనిచేసే ప్రతివాడి పేరూ హాజరు పుస్తకంలో ఉండాలి. పేరు లేనివాడు మంటల్లో పోతే, లోపల వెతకాలని ఎవరికీ తెలియదు. వాడి ఇంటికి పరిహారమూ అందదు.

5. మా వంతు మేమూ చేస్తాం. సాంచాల దగ్గర బీడీ వెలిగించం, వంట పొయ్యి పెట్టం. మెట్ల మీద నూలు సంచులు, బట్ట తాన్లు పడేయం, పడేయనివ్వం.

6. 1970లో, 1984లో మత అల్లర్ల మంటలు చూసిన ఊరిది. ఇకమీదట మంట లేచిందంటే మతం, భాష అడక్కుండా పక్క కార్ఖానాకు పరుగెత్తేవాడే మా మనిషి.

అన్నలారా, అక్కలారా! ఈ రాత్రి షిఫ్టుకు పోగానే ముందుగా వెనక తలుపు తోసి చూడండి. అది తెరుచుకున్నాకే మీట నొక్కండి.