మ్యాచ్ ముందు రోజు ఎలన్ కీ దాచెయ్యండి

మా అమ్మ దృష్టిలో అది బొమ్మ తుపాకీ. మా ఫ్రెండ్స్ దృష్టిలో సినిమా హీరో మెటీరియల్. నిజానికది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్. 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్‌ని గాలి ఒత్తిడితో తోస్తుంది, అంతే. ఒక చేత్తోనే పట్టుకుని కాల్చాలి. నేను రెండేళ్లుగా కాలుస్తున్నా. పోయిన అక్టోబర్‌లో మొదటి మ్యాచ్ ఆడాను. ఆ మ్యాచ్ కోసం పిస్టల్‌ని "రెడీ" చేద్దామని నేను చేసిన పని వల్లే ఈ వ్యాసం రాయాలనిపించింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. మొదటి మ్యాచ్‌కి పిస్టల్‌ని సిద్ధం చెయ్యడం అంటే దాన్ని ఇంకా బాగు చెయ్యడం కాదు. నిన్న ఎలా ఉందో ఈ రోజూ అలాగే ఉందని నమ్మకం తెచ్చుకోవడం. మన సీఎస్ భాషలో కోడ్ ఫ్రీజ్. ప్రొడక్షన్‌కి వెళ్లే ముందు రాత్రి ఎవడూ కొత్త ఫీచర్ పెట్టడు కదా. (పెడతాం. హ్యాకథాన్లలో మనం చేసేది అదే, డెమో క్రాష్ అయ్యేదీ అందుకే.)

నా కథ ఇది. పిస్టల్ క్లబ్‌ది. కొత్తది కొనాలంటే లక్ష దాటుతుంది, ఇంట్లో అడిగే ధైర్యం లేదు. మ్యాచ్ పొద్దున్నే కాబట్టి సార్ ముందు రోజు సాయంత్రం కేస్ ఇంటికి ఇచ్చి పంపారు. దసరా అయ్యి వారం కూడా కాలేదు. ఆయుధ పూజకి ఇది ఇంట్లో లేదని అమ్మ బాధపడి, నేను స్నానానికి వెళ్లి వచ్చేలోపు బొట్టు పెట్టేసింది, సరిగ్గా ఫ్రంట్ సైట్ మీద. ఇయర్ బడ్‌తో అరగంట తుడిచాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. చేతిలో పిస్టల్, ఎదురుగా యూట్యూబ్, పక్కన ఎలన్ కీ. ట్రిగ్గర్ తేలిగ్గా ఉంటే షాట్ సాఫీగా వెళ్తుందని ఎవరో చెప్పారు. ట్రిగ్గర్ బరువు స్క్రూని అర చుట్టు వదులు చేశాను. ఖాళీగా నొక్కి చూస్తే వెన్నలా ఉంది. హాయిగా పడుకున్నా.

మ్యాచ్‌కి ముందు ఎక్విప్‌మెంట్ కంట్రోల్ అని ఒకటుంటుంది. పిస్టల్ 1500 గ్రాములు దాటకూడదు, 420 x 200 x 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి, ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు ఆపాలి. బ్యారెల్‌ని నిలువుగా పట్టుకుని ట్రిగ్గర్‌కి 500 గ్రాముల బరువు తగిలించి పైకి లేపుతారు. నాది బరువు బల్ల మీద నుంచి లేవకముందే టక్కుమని పడిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. వెనక లైన్లో పదో క్లాస్ పిల్లలు చూస్తున్నారు.

సార్ వచ్చి "ఏరా, దీన్ని ఎవరు ముట్టుకున్నారు?" అన్నారు. నేను నేల చూశాను. ఆయన హడావిడిలో స్క్రూ బిగించారు, మళ్లీ ఫెయిల్ అవ్వకూడదని కాస్త ఎక్కువే బిగించారు. పాస్ అయ్యింది. కానీ అది నాకు తెలిసిన ట్రిగ్గర్ కాదు. ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ వదులుతుందో వేలికి తెలియట్లేదు. మొదటి పది షాట్లకి 78 వచ్చాయి. 60 షాట్లు అయ్యేసరికి 600కి 521. ప్రాక్టీస్‌లో 540 దగ్గర కొట్టేవాణ్ణి. పోయిన పాయింట్లన్నీ ట్రిగ్గర్ ఖాతాలో వెయ్యను, భయం వాటా కూడా ఉంది. కానీ ఆ భయంలో సగం నేను ముందు రాత్రి స్వయంగా తయారు చేసుకున్నదే.

"అయితే ఏమీ చెయ్యకూడదా?" అని మా జూనియర్ అడిగాడు. చెయ్యాలి, కానీ వారం ముందే. ట్రిగ్గర్ బరువు 500 మీద కొంచెం ఎక్కువే ఉంచి, టెస్ట్ వెయిట్‌తో చూసుకోవాలి. సైట్ స్క్రూలు, గ్రిప్ బోల్ట్ బిగువుగా ఉన్నాయో లేదో చూడాలి. గాలి సిలిండర్ మీద తేదీ చదవాలి. ఇది ఎవరూ చెప్పరు. దానికి పదేళ్ల గడువు ఉంటుంది, అది దాటితే మ్యాచ్‌లో వాడనివ్వరు. క్లబ్ సిలిండర్లు మన సీనియర్ల కంటే సీనియర్లు. బ్యారెల్‌లో సేఫ్టీ ఫ్లాగ్ పెట్టుకోవాలి. మ్యాచ్‌లో వాడే పెల్లెట్ల డబ్బాతోనే ఆ వారమంతా కాల్చాలి. రియర్ సైట్ ఎన్ని క్లిక్కుల దగ్గర ఉందో నోట్‌బుక్‌లో రాసుకోవాలి. అదే మన గిట్ కమిట్. తిప్పాలని చెయ్యి దురద పెడితే, మ్యాచ్‌కి ముందు ఇచ్చే 15 నిమిషాల సైటింగ్ టైమ్ అందుకే ఉంది. ఆ రేంజ్ వెలుతురులో గుంపు ఎటు పడుతుందో చూసి, సైట్ మాత్రమే, అదీ రెండు మూడు క్లిక్కులు. ట్రిగ్గర్ జోలికి, గ్రిప్ జోలికి వెళ్లొద్దు.

నాతో ఒప్పుకోని వాళ్లున్నారు. పెద్ద షూటర్లు గ్రిప్‌కి పుట్టీ రాసి, ఉప్పు కాగితంతో రుద్ది మిల్లీమీటర్ల లెక్కన సరిచేసుకుంటారు, మనమెందుకు చెయ్యకూడదంటారు. చెయ్యొచ్చు, 575 కొట్టేవాళ్లు. పది రింగు 11.5 మిల్లీమీటర్లు, మన చొక్కా గుండీ అంత. పిస్టల్‌ని క్లాంప్‌లో బిగించి కాలిస్తే పెల్లెట్లన్నీ దాదాపు ఒకే కన్నంలోంచి పోతాయి. నా షాట్లు ఏడు నుంచి పది దాకా చెల్లాచెదురుగా పడుతున్నాయంటే బాటిల్‌నెక్ ఎక్కడుందో వేరే చెప్పాలా? ముందు ప్రొఫైల్ చెయ్యి, తర్వాత ఆప్టిమైజ్ చెయ్యి అని మనకి క్లాసులో చెప్పేది ఇదే కదా.

టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టల్ క్వాలిఫికేషన్ మధ్యలో పాడైంది. బాగు చేయించుకునేసరికి విలువైన నిమిషాలు పోయాయి. అయినా ఆమె 575 కొట్టి, రెండు పాయింట్ల తేడాతో ఫైనల్ మిస్సయ్యింది. యంత్రం అన్నాక ఎంత సిద్ధం చేసినా అలా ఒక్కోసారి మొరాయిస్తుంది. దాన్ని నేను ఆపలేను. నా ఎలన్ కీని ఆపగలను. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో 13 ఏళ్లకే సీనియర్ జాతీయ ఛాంపియన్ అయ్యింది. ఆ వార్త చూసి రేంజ్‌కి వచ్చిన పిల్లలు చాలామంది. వాళ్లు నాన్నని మొదట అడిగేది కొత్త పిస్టల్. నాకు మాత్రం క్లబ్ వాళ్లని అడగాలనిపించేది ఇంకొకటి. మొదటి మ్యాచ్ ఆడే పిల్లకైనా పిల్లాడికైనా, కనీసం నెల ముందు నుంచి ఒకటే పిస్టల్ ఇవ్వండి. సోమవారం ఒకటి, గురువారం ఇంకొకటి ఇచ్చి, మ్యాచ్ రోజు ఖాళీగా ఉన్నది చేతిలో పెడితే ఎవరికైనా చెయ్యి అలవాటు పడుతుందా? దీనికి డబ్బులు అక్కర్లేదు, గోడ మీద ఒక టైమ్ టేబుల్ చాలు.

జనవరిలో ఇంకో మ్యాచ్ ఉంది. సార్‌ని అడిగి ఇప్పటి నుంచే మూడో నంబర్ పిస్టల్ నా పేరు మీద రాయించుకున్నా. ఎలన్ కీ అమ్మ కుట్టుమిషన్ సొరుగులో ఉంది. ఏ సొరుగో అమ్మ చెప్పట్లేదు, నేనూ అడగట్లేదు.