రాట్నమును చెక్కుటయా, నూలు వడుకుటయా?

దేశమున 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘములను నెలకొల్పుటకు కేంద్రప్రభుత్వము 2020లో పూనుకొన్నది. గుంటూరు, ప్రకాశము సీమల పత్తి, మిరప రైతుల సంఘములకును తమ సరకును ధరను పదిమందికిఁ దెలుపు వెబ్‌సైటు నేఁ డావశ్యకమే. అంతట నొక వాదము బయలుదేరును: "పరులు చేసిన పనిముట్టు మనకేల? మొదటి యక్షరము మొదలుకొని కోడు మనమే వ్రాయించుకొందము, ఇదియే స్వదేశీ!"

వినుట కింపైన మాటయే. కాని ఖద్దరు వడికినవారిలో నెందఱు రాట్నమును తామే చెక్కుకొనిరి? వడ్రంగి చేసిన రాట్నముపైఁ గూర్చుండి వడికిరి, నూలు తమదైనది.

సొంత కోడు వ్రాసిన యువకుఁడు రేపు హైదరాబాదునకో అమెరికాకో పోవును. దాని మర్మ మెఱిఁగినవాఁ డూర నుండఁడు. దొంగలు దూరు కన్నమును మూయువాఁడు లేఁడు. కళ్లములలో మిరప యెండుచుండఁగా, ధర మార్చుట కొక్కని ఫోనునకై కాచుకొనుట స్వరాజ్యమా? పాత దళారి పోయి క్రొత్త దళారి వచ్చినట్లు కాదా?

ఈ పాఠమును తెలుఁగువా రొకమాఱు నేర్చియే యున్నారు. 1991లోనే యూనికోడు మన లిపికి స్థానమిచ్చినను, పెక్కు తెలుఁగు పత్రికల వెబ్‌సైటులు చిరకాలము సొంత ఫాంట్లనే పట్టుకొని యుండెను. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెలుఁగు తెలుఁగుగాఁ గనఁబడలేదు, వెదకినను దొరకలేదు. 2003లో నారంభమైన తెలుఁగు వికీపీడియా మీడియావికీ యను సిద్ధమైన స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును గైకొని, తెలుఁగువారి శ్రమను వ్యాసరచనకు మిగిల్చినది.

కావున వర్డ్‌ప్రెస్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునే సంఘములు గ్రహించుఁగాక! దాని కోడు బహిరంగము. దిద్దుకొను హక్కును లైసెన్సే యిచ్చుచున్నది. ఐతే సిద్ధముగా దొరకినదెల్ల గ్రాహ్యము కాదు. మన లెక్కలను మనకు మరల నియ్యని కంపెనీ పనిముట్టు ఉచితమైనను దాస్యమే. సైటు పేరు సంఘము పేరనే రిజిస్టరు కావలెను. నెలనెలకు నకలు తీయవలెను. తేమను, రంగును బట్టి తేజ మిరపకు ధర గట్టు లెక్క వంటిది మఱెక్కడను దొరకకున్న, అంతమట్టుకే కోడు వ్రాయింపవలెను. మిగిలిన ధనముతో నిద్దఱు రైతుబిడ్డలకు సైటు నడుపుట నేర్పవలెను.

రాఁబోవు సర్వసభ్య సమావేశమున ప్రతి సభ్యుఁడును లేచి యడుగవలసిన ప్రశ్న యొక్కటే: మన సైటు తాళపుఁజెవి యెవరిచేత నున్నది?