ఫొటోను దిద్దండి... ముఖాన్ని కాదు!

ఊరెళ్లినప్పుడు తీసిన ఫొటో చీకటిగా వచ్చిందా? ఫోన్‌లోనే వెలుతురు పెంచొచ్చు. గుడి గోపురానికి కరెంటు తీగలు అడ్డొచ్చాయా? వేలితో చెరిపేయొచ్చు. తాతయ్య, నానమ్మల పెళ్లినాటి ఫొటోకు రంగులద్దొచ్చు. ఒకప్పుడు స్టూడియో వాళ్లకే తెలిసిన ఈ పని ఇప్పుడు పిల్లలకూ పట్టుబడింది. మంచి సరదానే.

చిక్కల్లా ఆ వేలు ముఖం మీదికి వెళ్లినప్పుడే. ఒక్కసారి నొక్కితే మచ్చలు మాయం, రంగు తెలుపు, ముక్కు సన్నం. రోజూ ఆ బొమ్మనే చూసుకునే పిల్లలకు అద్దంలోని సొంత ముఖం లోపాల పుట్టలా కనిపిస్తుంది. ఒకప్పుడు సినిమా తారలతో పోల్చుకునేవారు. ఇప్పుడు పోటీ తమ ఫొటోతోనే! ఫిల్టర్‌లో కనిపించినట్టే తమను మార్చమని కొందరు సర్జన్లను అడుగుతున్నారని అమెరికా వైద్యులు 2018లోనే ఒక వైద్య పత్రికలో హెచ్చరించారు. ఈ ధోరణికి ‘స్నాప్‌చాట్ డిస్మార్ఫియా’ అన్న పేరూ స్థిరపడింది.

నిజానికి సెల్ఫీయే సరైన అద్దం కాదు. 30 సెంటీమీటర్ల దూరం నుంచి తీస్తే ముక్కు దాదాపు 30 శాతం ఎక్కువ వెడల్పుగా కనిపిస్తుందని అదే ఏడాది మరో అధ్యయనం లెక్కగట్టింది. అంటే లేని లోపాన్ని కెమెరా చూపిస్తుంటే, దాన్ని యాప్ దిద్దుతోందన్నమాట.

ఫొటోలోని రంగు కోసం మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ క్రీములు మరో ముప్పు. మొదట్లో ముఖం మెరిసినట్టే ఉంటుంది. వాడుతున్నకొద్దీ చర్మం పలచబడుతుంది. ఎరుపు, మొటిమలు, అవాంఛిత రోమాలు వేధిస్తాయి. మానేస్తే సమస్య ఇంకా ముదరొచ్చు. చర్మవైద్యుల సలహా లేకుండా వీటిని ముట్టుకోవద్దు.

పిల్లలను తప్పుపట్టే ముందు మన మాటలనూ గమనించుకోవాలి. ‘నల్లగా పడ్డావే, కాస్త ఎడిట్ చెయ్యి’ అనేది ఎవరు? పెళ్లి సంబంధాలకు పంపే ఫొటోలో అమ్మాయి రంగు తేల్చమని చెప్పేది ఎవరు? పెద్దలమే కదా.

చాలా ఫోన్లలో సెల్ఫీ కెమెరాకు బ్యూటీ మోడ్ ఉంటుంది. ముందు దాన్ని ఆపేయండి. గూగుల్ 2020లో తన కొత్త పిక్సెల్ ఫోన్లలో ఇలాంటి సదుపాయం దానంతటదే పనిచేయకుండా చేసింది. ఆ పని మన ఇంట్లో మనమూ చేయొచ్చు. పిల్లలతో కూర్చుని పూలు, వంటలు, వాన మబ్బుల ఫొటోలు దిద్దించండి. ఫిల్టర్ లేనిదే ఫొటో దిగనంటున్నా, గంటలకొద్దీ అద్దం ముందే గడుపుతున్నా, ముఖం బాగోలేదని కాలేజీకి వెళ్లడం మానేస్తున్నా... మందలించొద్దు. మానసిక నిపుణులకు చూపించండి.

వెలుతురు దిద్దుకుందాం, రంగులు దిద్దుకుందాం. పిల్లల ముఖాలను మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఆల్బమ్‌లో దాచుకుందాం.