ఇంటిపేరు అడిగితే పనితనం తెలుస్తుందా?

"మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి నాలుగు మాటలు మాట్లాడిస్తే చాలు, పనికొస్తాడో లేదో చెప్పేస్తాను." మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు ప్రైవేటు బడి నడిపేవారు, నర్సింగ్ హోమ్ పెట్టినవారు, ఎరువుల షాపు యజమానులు ధీమాగా అనే మాట ఇది. వినేవాళ్లూ తలూపుతారు. ఈ నమ్మకం తప్పు. చదువుకుని ఉద్యోగానికి వచ్చిన మన పిల్లలకు రోజూ అన్యాయం చేస్తున్న తప్పు.

ఆ నాలుగు మాటలేమిటో చూడండి. మీదే ఊరు? ఊళ్లో ఎటువైపు ఇల్లు? ఇంటిపేరేంటి? నాన్న ఏం చేస్తాడు? అమ్మాయైతే ఇంకో రెండు కలుస్తాయి. పెళ్లయిందా? కాకపోతే, అయ్యాక మానేస్తావా? వీటిలో పని గురించి ఒక్కటీ లేదు. మొదటి మూడూ కులం ఆరా తీసేవి. ఆ సంగతి అడిగేవారికి తెలుసు, తలదించుకుని జవాబు చెప్పేవారికీ తెలుసు. ఇక కాస్త పెద్ద సంస్థలైతే "నీ గురించి చెప్పు", "ఐదేళ్ల తర్వాత ఎక్కడుంటావు" అని ఇంగ్లిషులో అడుగుతాయి. హైదరాబాదులో కోచింగ్ తీసుకున్నవాడు బట్టీపట్టిన జవాబు గడగడా అప్పజెబుతాడు. అర్ధవీడు నుంచో తర్లుపాడు నుంచో వచ్చిన పిల్ల తడబడుతుంది. తెలిసిందల్లా ఎవరికి కోచింగ్ దొరికిందన్నదే.

ఊరూ ఇల్లూ ఆరా తీసే ఇలాంటి ప్రశ్నలతో నడిచిన ఇంటర్వ్యూల మీద సుప్రీంకోర్టు 1980 నవంబరులోనే తీర్పు ఇచ్చింది. అది అజయ్ హాసియా కేసు. శ్రీనగర్ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ సీట్ల ఎంపికలో రాతపరీక్షకు 100 మార్కులు, ఇంటర్వ్యూకు 50. ఒక్కొక్కరినీ రెండు మూడు నిమిషాలే కూర్చోబెట్టారనీ, తల్లిదండ్రులెవరు, ఇల్లెక్కడ అని మాత్రమే అడిగారనీ విద్యార్థుల ఫిర్యాదు. ఇంటర్వ్యూకు మూడో వంతు మార్కులు ఇవ్వడం అన్యాయమనీ, 15 శాతం దాటకూడదనీ న్యాయస్థానం చెప్పింది. ఇంటర్వ్యూలను టేపు మీద రికార్డు చేస్తే మంచిదని కూడా సూచించింది. కాలేజీ సీటు కోసం చెప్పిన మాటే అయినా, ఉద్యోగమిచ్చే ప్రతి గదిలోనూ గుర్తుంచుకోవలసిన తీర్పు. ఆనాటి ప్రశ్నలే నేటికీ మన దగ్గర నడుస్తున్నాయి.

2016 జనవరి నుంచి కేంద్ర ప్రభుత్వం కింది స్థాయి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలే ఎత్తేసింది. 2019లో మన గ్రామ, వార్డు సచివాలయాల ఉద్యోగాలు రాతపరీక్షతోనే నింపారు. సిఫారసుల బెడద తగ్గించడానికి అది సరైన పనే. కానీ పదిమంది సిబ్బంది ఉన్న బడి రాతపరీక్ష పెట్టలేదు. అక్కడ మనిషితో మాట్లాడక తప్పదు. అందుకే ప్రశ్న బాగుండాలి.

పని తెలిసేలా అడగడం మార్కాపురానికి ఎవరూ నేర్పనక్కర్లేదు. పలకల రాయి చీల్చే పనికి వచ్చినవాడి చేతికి రాయి, ఉలి ఇస్తే సరిపోతుంది. పొర ఎటు పోతుందో చూసి ఉలి పెట్టేవాడెవరో, రాయిని ముక్కలు చేసేవాడెవరో కాసేపట్లో తేలిపోతుంది. కుర్చీలో చేసే ఉద్యోగానికీ అలాంటి ప్రశ్నే కావాలి.

లెక్కల టీచరు కావాలా? "మూడో వంతు కన్నా నాలుగో వంతు పెద్దదని ఆరో తరగతి పిల్లవాడు రాశాడు. ఎందుకలా అనుకుని ఉంటాడు? వాడికి ఎలా చెబుతావో బోర్డు మీద చూపించు" అనండి. పురుగుమందుల షాపులో మనిషి కావాలా? "మిరపకు ముడత వచ్చిందని రైతు వచ్చాడు, ముందు ఏమడుగుతావు?" అనండి. ఆకు పైకి ముడుచుకుందా, కిందికా అని అడిగేవాడికి పని తెలుసు. పైముడతకు తామరపురుగు కారణం, కిందిముడతకు నల్లి. అది అడక్కుండా డబ్బా తీసి చేతిలో పెట్టేవాడి వల్ల రైతు పెట్టుబడి మట్టిపాలవుతుంది. ఇలాంటి ప్రశ్న ఇంగ్లిషు రాని పిల్లకూ నోరిస్తుంది, ఎందుకంటే అది ఆమెకు తెలిసిన విషయం.

వచ్చినవారందరినీ అవే ప్రశ్నలు అడగాలి. ఏది మంచి జవాబో ముందే కాగితం మీద రాసుకోవాలి. పరిశోధకుడు పాల్ సాకెట్, ఆయన సహచరులు పాత పరిశోధనలను తిరగేసి 2022లో ప్రచురించిన అంచనాలో ఇలా ఒక పద్ధతిలో చేసిన ఇంటర్వ్యూయే పనితనాన్ని అన్నిటికన్నా బాగా పట్టిచ్చింది. నోటికొచ్చింది అడిగే ఇంటర్వ్యూ చాలా వెనకబడింది.

"గల్లాపెట్టె అప్పగిస్తున్నాం, ఇల్లూ వాకిలీ తెలుసుకోవద్దా?" అంటారు. నమ్మకం ముఖ్యమే. ఇంతకుముందు పనిచేసినచోట విచారించండి. జీతమిచ్చి ఒక నెల చూడండి. నిజాయితీ ఇంటిపేరును బట్టి వస్తుందనుకోవడం మాత్రం అవమానం.

వచ్చినవారికీ అడిగే హక్కుంది. జీతమెంత, ఏ తారీఖున ఇస్తారు, వేసవి సెలవుల్లో ఇస్తారా, ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ దగ్గరే పెట్టుకుంటారా? "ముందు చేరమ్మా, తర్వాత మాట్లాడుకుందాం" అన్నచోట ఆ పిల్ల చేరకుండా లేచి వచ్చేస్తే, ఇంట్లోవాళ్లు ఆమెను తిట్టవద్దు.