మన రాతలకు సొంత చిరునామా

క్వార్టర్ ఖాళీ చేయడం ఎలా ఉంటుందో మన ఇళ్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అయినా మనకు గడువిస్తారు, లారీ వస్తుంది. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికిన చోట రాసుకున్నవాటికి అన్నిసార్లూ లారీ రాదు.

2009లో యాహూ సంస్థ జియోసిటీస్‌ను మూసేసింది. జనం ముచ్చటపడి కట్టుకున్న పేజీలు ఎన్నో పోయాయి; కొన్నింటిని మాత్రం ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటివారు దాచగలిగారు. మన దేశంలో అంతగా వాడిన ఆర్కుట్ కూడా 2014 సెప్టెంబరు 30న మూతపడింది.

అందుకే, మీ కథలకూ బొమ్మలకూ సొంత డొమైన్ పేరు ఉండాలని మేమంటాం. పెద్దవాళ్లతో కొనిపించుకోండి. ఏటా డబ్బు కట్టాలి, మరిచిపోతే అదీ చేజారుతుంది. కానీ సర్వర్ అద్దెకిచ్చిన కంపెనీ నచ్చకపోతే ఇంకో కంపెనీకి మారవచ్చు, చిరునామా మారదు. మూడు నాలుగేళ్లకోసారి పిన్‌కోడ్ మారే మనకు ఇది చిన్న సంగతా? జోర్హాట్‌లో వదిలి వచ్చిన స్నేహితుడు తిరుచ్చిలో ఉన్న మిమ్మల్ని అదే పేరుతో వెతుక్కుంటాడు.

ఇంట్లో పాత కంప్యూటర్‌నే సర్వర్‌గా పెట్టుకోవచ్చంటారు కొందరు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లకూ వెళ్లే మనకు అది కుదరదు. కంపెనీని ఎంచుకునే ముందు, రాసినదంతా ఒకేసారి దింపుకోవచ్చా అని అడగండి. దింపుకున్న నకలును పెన్‌డ్రైవ్‌లో పెట్టి, టీసీ, మార్కుల జాబితాలు ఉండే ఫైల్లోనే ఉంచండి.